క్రాంకు పొడవును కూడా కొలవండి

సంపాదకులకు,

అయ్యా,

గత ఆదివారం మీ జిల్లా సంచికలో, పిల్లలకు సైకిళ్లు కొనే తల్లిదండ్రుల కోసం వేసిన వ్యాసాన్ని శ్రద్ధగా చదివాను. చక్రం కొలత గురించి, బ్రేకుల గురించి, హెల్మెట్ గురించి అందులో చెప్పినవన్నీ సరైన మాటలే. అయితే మట్టిబాట పందేలకూ గంతులు, విన్యాసాలకూ వాడే చిన్న చక్రాల బీఎంఎక్స్ సైకిళ్ల దగ్గరికి వచ్చేసరికి, క్రాంకు ఎంత పొడవుంటే వేగం అంత ఎక్కువని ఒక్క వాక్యంలో తేల్చివేశారు. ఇంటర్ విద్యార్థులకు ఏళ్ల తరబడి బలభ్రామకం, అంటే ఇరుసు చుట్టూ తిప్పే బలం, గురించి బోధించినవాడిగా, ఈ మధ్యనే మనుమడి సైకిలు వల్ల అదే పాఠాన్ని మళ్లీ చదువుకోవాల్సి వచ్చినవాడిగా ఆ వాక్యం మీద నా అభ్యంతరాన్ని తెలియజేస్తున్నాను.

క్రాంకు అంటే పెడలును మోసే చేయి. దాని పొడవును ఈ కొస నుంచి ఆ కొసకు కొలవకూడదు. క్రాంకు తిరిగే ఇరుసు నడిమధ్య నుంచి పెడలు బిగించే రంధ్రం నడిమధ్య వరకు ఉన్న దూరమే లెక్క. మంచి రకం క్రాంకులకు లోపలివైపున, పెడలు రంధ్రానికి దగ్గరలో ఆ అంకె అచ్చు వేసి ఉంటుంది. చవక రకాలకు చాలాసార్లు ఏమీ ఉండదు కనుక స్కేలు పట్టుకోవాల్సిందే. పెద్దవారు నడిపే 20 అంగుళాల బీఎంఎక్స్ సైకిళ్లకు 165, 170, 175, 180 మిల్లీమీటర్ల క్రాంకులు వాడుకలో ఉన్నాయి. విన్యాసాలు చేసేవారు ఎక్కువగా 170, 175 వైపు, పందేల్లో తొక్కేవారు 175, 180 వైపు మొగ్గుతారు. ఒక సైజుకూ మరొక సైజుకూ తేడా అర సెంటీమీటరే అయినా, కాలు తిరిగే వృత్తం వ్యాసం ఒక సెంటీమీటరు మారుతుంది.

మీ వ్యాసంలోని మాటలో సగం నిజం ఉంది. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో మొదటిసారి చేర్చిన బీఎంఎక్స్ పందెంలో, ఎనిమిది మీటర్ల ఎత్తైన గట్టు మీద, పోటీదారులను ఆపి ఉంచే గేటు పడిపోయిన క్షణంలో నిలబడి తొక్కే మొదటి తొక్కుడే చాలా వరకు ఫలితాన్ని తేలుస్తుంది. నిశ్చలంగా ఉన్న సైకిలును కదిలించే ఆ క్షణంలో పొడవైన క్రాంకు మేలు చేస్తుందన్నది కాదనలేని విషయం. ఒకే బలంతో తొక్కినప్పుడు 165 కంటే 175 దాదాపు ఆరు శాతం ఎక్కువ బలభ్రామకాన్ని ఇస్తుంది. కానీ ఆ ఆరు శాతం మరో దారిలో కూడా వస్తుంది. ముందు చైన్ వీలుకు 44 పళ్లు, వెనుక 16 పళ్లు ఉన్న సైకిలుకు వెనుక 17 పళ్లది వేస్తే, పొట్టి క్రాంకు వల్ల పోయిన తేలిక ఇంచుమించు మొత్తం తిరిగి వస్తుంది. అప్పుడు కాలు చిన్న వృత్తంలో కొంచెం త్వరగా తిరుగుతుంది, అంతే తేడా.

ఇది కాగితం మీది లెక్క మాత్రమే కాదు. జేమ్స్ మార్టిన్, వానీన్ స్పిర్డుసో అనే పరిశోధకులు 2001లో ప్రచురించిన అధ్యయనంలో, శిక్షణ పొందిన 16 మంది సైకిలు క్రీడాకారుల చేత 120 మిల్లీమీటర్ల నుంచి 220 మిల్లీమీటర్ల దాకా అయిదు రకాల క్రాంకులను శక్తి కొద్దీ తొక్కించి చూశారు. అంత పెద్ద తేడాలోనూ గరిష్ఠ సామర్థ్యం సుమారు నాలుగు శాతానికి మించి మారలేదు; పైగా అన్నిటికంటే పొట్టిది, అన్నిటికంటే పొడుగుది రెండూ వెనకబడ్డాయి. అది సీటు మీద కూర్చుని తొక్కించిన పరీక్ష కనుక బీఎంఎక్స్‌కు యథాతథంగా వర్తింపజేయలేం. అయినా, పొడవు పెంచుకుంటూ పోతే వేగం పెరుగుతూ పోతుందనే నమ్మకానికి అందులో ఏ ఆధారమూ లేదు.

అసలు బీఎంఎక్స్‌లో క్రాంకు పని తొక్కడంతో ముగియదు. ఆ సైకిలుకు సీటును కావాలనే కిందికి పెడతారు. నడిపేవాడు ఎక్కువసేపు రెండు పెడళ్లను నేలకు సమాంతరంగా ఉంచి వాటి మీద నిలబడే ఉంటాడు. అప్పుడు అతని రెండు పాదాల మధ్య దూరం క్రాంకు పొడవుకు సరిగ్గా రెండింతలు, అంటే 165కు 33 సెంటీమీటర్లు, 175కు 35 సెంటీమీటర్లు. కుస్తీ పట్టేవాడు తన ఒడ్డూ పొడుగులను బట్టి కాళ్లు ఎడం చేసి నిలబడినట్టే, ఇక్కడ కూడా ఎవరి కాలికి తగిన ఎడం వారికి ఉండాలి. మరీ ఎక్కువైతే గంతు నుంచి దిగేటప్పుడు వెనుక మోకాలు ఇబ్బంది పడుతుంది, మరీ తక్కువైతే ముందుకూ వెనక్కూ నిలకడ ఉండదు. నా దృష్టిలో క్రాంకును ఎంచుకోవడానికి బలభ్రామకం కంటే ఈ నిలబడే తీరే పెద్ద కారణం.

ఇక మా ఇంటి సంగతి. తొమ్మిదేళ్ల మనుమడికి వరంగల్‌లోని ఒక దుకాణంలో 20 అంగుళాల బీఎంఎక్స్ రకం సైకిలు కొన్నాం. దుకాణదారు వాడి ఎత్తు అడిగాడు, రంగు అడిగాడు, క్రాంకు ఊసెత్తలేదు. నిజానికి మేమూ అడగలేదు. సుబేదారి ఆర్ట్స్ కాలేజీ మైదానంలో వాడు తొక్కుతుంటే మోకాళ్లు పొట్ట దాకా లేచేవి. హ్యాండిల్ తిప్పినప్పుడు బూటు కొన ముందు టైరుకు తగిలేది. చివరకు వడ్డేపల్లి చెరువు కట్ట దగ్గర, మలుపులో తొక్కుతూ ఒరగడంతో పెడలు నేలకు కొట్టుకుని పడ్డాడు. స్కేలు పెట్టి కొలిస్తే క్రాంకు 165 ఉంది, అంటే పెద్దవారి కొలత. 140ది వేయించాక ఈ మూడు ఇబ్బందులూ తగ్గాయి. ఎందుకంటే క్రాంకు ఎంత తగ్గితే పెడలు నేల నుంచి అంత పైకి లేస్తుంది, బూటు ముందు చక్రానికి అంత దూరం జరుగుతుంది. బరువుగా ఉందని రెండు రోజులు సణిగాడు, అదీ న్యాయమే: 165 నుంచి 140కి వచ్చామంటే దాదాపు 18 శాతం ఎక్కువ బలం పెట్టాలి. వెనుక 16 పళ్ల ఫ్రీవీలు తీయించి 18 పళ్లది వేయించాను. 19 పళ్లది దొరికి ఉంటే లెక్క సరిగ్గా కుదిరేది.

మా తరంవారు ఈ మాట వింటే నవ్వుతారని తెలుసు. గంటకు ఇంతని కిరాయి కట్టి సైకిల్ టాక్సీలో పెద్ద సైకిలు తెచ్చుకుని, కడ్డీ కింది నుంచి కాలు దూర్చి సగం సగం పెడలు తొక్కి నేర్చుకున్నవాళ్లం మేము. మాకెవరు కొలిచారు క్రాంకు? నిజమే, కానీ మేము ఆ సైకిలుతో గుట్టల మీది నుంచి దూకలేదు, పూర్తి చుట్టు తొక్కకపోవడానికి కారణం కూడా ఆ క్రాంకు మా కాళ్లకు అందకపోవడమే.

మార్పించాలనుకునేవారు ఒక విషయం గమనించాలి. రెండు చేతులూ ఇరుసూ ఒకే ఇనుప కడ్డీగా వంచిన క్రాంకులకు పెడలు మర అర అంగుళం ఉంటుంది; చేతులు, ఇరుసు విడివిడిగా ఉండే మూడు ముక్కల క్రాంకులకు అంగుళంలో పదహారింట తొమ్మిది వంతులు. మా మెకానిక్కు ఒకదాని పెడలును మరొకదానికి ఎక్కించబోతే నేనే ఆపాను. ఎడమ పెడలుకు ఉల్టా మర, అంటే ఎడమకు తిప్పితే బిగిసే మర, ఉంటుందన్నది ఆయనకు తెలుసు కానీ, ఇంట్లో పాన పట్టే తండ్రులందరికీ తెలియకపోవచ్చు.

ఎంత పొడవు సరిపోతుందని అడిగేవారికి, పైన చెప్పిన అధ్యయనంలోనే ఒక దారి ఉంది. కాలి పొడవులో అయిదో వంతును ప్రారంభంగా తీసుకోవచ్చు. కాలు 65 సెంటీమీటర్లుంటే 130 మిల్లీమీటర్లు, 85 ఉంటే 170. అది గీటురాయి కాదు. దానికి దగ్గరలో దొరికే కొలతను వేసి, పిల్లవాడిని పెడళ్ల మీద సమంగా నిలబెట్టి, హ్యాండిల్‌ను రెండు వైపులా తిప్పించి బూటు టైరుకు తగులుతోందేమో చూసిన తర్వాతే డబ్బు చెల్లించడం మంచిది.

నగరంలోని సైకిలు దుకాణాలవారు ధర చీటీ మీద చక్రం కొలత పక్కనే క్రాంకు కొలత కూడా రాయాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. దానికి అయ్యే ఖర్చు ఏమీ లేదు. అలాగే, మీరు ఆ వాక్యానికి సవరణ వేయదలిస్తే, స్కేలును ఎక్కడి నుంచి ఎక్కడికి పెట్టాలో చూపే చిన్న బొమ్మను కూడా దాని పక్కన వేయవలసిందిగా మనవి.

భవదీయుడు,
విశ్రాంత భౌతికశాస్త్ర అధ్యాపకుడు,
హనుమకొండ