టిఫిన్ బండి అక్కకి థాంక్స్

ఎప్పుడో రాయాల్సింది, చెయ్యి రాలేదు. ఈరోజు సెప్టెంబర్ 10, ఆత్మహత్యల నివారణ దినం అని పొద్దున్నుంచి అందరి స్టేటస్‌లు చూస్తా ఉన్నా, ఇంక ఉండబట్టలేక రాస్తా ఉన్నా.

పోయిన సంక్రాంతి అయినాక నాకు నిద్ర పట్టేది కాదు, మూడింటికే మెలకువ వచ్చేసేది, స్నానం చెయ్యాలన్నా అలిపిరి మెట్లెక్కినంత ఆయాసం, షాపులో కూచునేవాణ్ణే గానీ ఎదురుగా ఉన్న కస్టమర్ ఏమడిగినాడో తలకెక్కేది కాదు. అమ్మకి చెప్తే దిష్టి తగిలింది అని ఉప్పు, మిరపకాయలు తీసి పొయ్యిలో వేసింది, పాపం ఆమెకి తెలిసింది అది. ఫ్రెండ్స్ ఏమో "నీకేం తక్కువరా" అన్నారు. ఆ మాట విన్నాక ఇంక ఎవరికీ చెప్పలేదు.

తిరుపతి లీలామహల్ సర్కిల్ దగ్గర టిఫిన్ బండి పెట్టే అక్క మాత్రం చూసింది. మూడు రోజులు వరసగా ఎర్రకారం దోశె అట్నే వదిలేసి డబ్బులిచ్చి పోయినా. నాలుగో రోజు స్టవ్ తగ్గించి, కొంగుకి చేతులు తుడుచుకుంటా వచ్చి నా పక్కన స్టూల్ మీద కూచునింది. మెల్లిగా అడిగింది, "ఏం నాయనా, చచ్చిపోవాలని ఏమన్నా అనిపిస్తా ఉందా?"

అడిగితే లేని ఆలోచన వస్తుందని మనోళ్ళు ఆ మాటే ఎత్తరు, అది తప్పు. నాకైతే గుండె మీద బండ దించినట్టయింది, రోడ్డు మీదే ఏడ్చేసినా. వాళ్ళ తమ్ముణ్ణి అక్క ఇట్నే పోగొట్టుకునిందంట. "ఆ రోజు నేను అడగలేదు నాయనా" అనింది. ఇది రాస్తానంటే ఒప్పుకునింది.

అక్క ఫోన్ నుంచే 14416 కి కొట్టినాం. టెలీ మానస్ అంటారు, మనసు బాగలేనోళ్ళు ఫోన్ చేసి మాట్లాడే హెల్ప్‌లైన్, 2022 అక్టోబర్‌లో కేంద్రం మొదలుపెట్టింది, డబ్బులు పడవు, రాత్రీ పగలూ ఉంటారు, తెలుగులోనే మాట్లాడొచ్చు. ఫోనెత్తిన మేడమ్ ఎవరో తెలీదు గానీ మొట్టమొదట "ఇప్పుడు మీ పక్కన ఎవరన్నా ఉన్నారా" అని అడిగినారు. మేడమ్, మీకు దండాలు.

మర్నాడు రుయా ఆస్పత్రి మానసిక వైద్యం ఓపీకి అక్క ఆ రోజు బేరం మానుకోని నా జతకి వచ్చింది. మాత్రలు పనిచేసేదానికి రెండు నుంచి నాలుగు వారాలు పట్టొచ్చు, మీ అంతట మీరు ఆపొద్దు అని డాక్టర్ గారు ముందే చెప్పినారు. పది రోజులకి ఏం తేడా లేదని ఆపేద్దామనుకున్నా, ఆ మాట గుర్తొచ్చి ఆపలేదు. మూడో వారంలో ఒకరోజు లేచి టైం చూస్తే ఐదున్నర, నమ్మలేదు నేను.

ఇంకోటి, బయట చెప్తే పోలీసు కేసు అవుతుందని కూడా భయపడినా. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం ఆత్మహత్యా ప్రయత్నం చేసినవాళ్ళని కూడా తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే చూడాలంట, శిక్ష వెయ్యకూడదంట. మీ ఇంట్లో ఎవరన్నా తిండి, నిద్ర మానేసి మూల కూచుంటే దయచేసి పక్కన కూచోని అడగండి, ఒంటరిగా వదలొద్దండి.

అక్కకి ఇది వాళ్ళ అబ్బోడు చదివి వినిపిస్తాడు. ఇప్పటికీ నేను ప్లేటు ఖాళీ చేసిందాకా ఒక కన్ను నా మీదే పెట్టుంటాది.