ఆదివారం యూఫోనియం కచేరీ, తప్పకుండా రండి

అందరికీ నమస్కారం.
ఈ ఆదివారం సాయంత్రం 6 గంటలకు నెల్లూరు టౌన్‌హాల్‌లో యూఫోనియం సోలో కచేరీ. పెళ్లి బ్యాండుల్లో ట్రంపెట్ల వెనక నిండుగా మోగే ఇత్తడి వాయిద్యం. ఈసారి వేదిక మొత్తం దానిదే!

అన్నీ ఈ కాలపు రచనలే. స్వరకర్త జోసెఫ్ హొరోవిట్జ్ 1972లో రాసిన యూఫోనియం కాన్సర్టోలో (సోలో వాయిద్యానికి బృందం తోడుగా వాయించే రచన) ఒక భాగం కూడా ఉంది. ఒకచోట వాయిస్తూనే గొంతుతో ఇంకో స్వరం కలుపుతారు. రెండూ ఒరుసుకుని మూడో నాదం పుడుతుంది. అది బాగా వినపడాలంటే ముందు వరుసల్లో కూర్చోండి.

5.45కల్లా లోపలుండాలి. మైకు లేదు, ఫోన్లు సైలెంట్‌లో పెట్టండి. మధ్యలో గొట్టంలోని తడి దులుపుకోవడానికి ఆగుతారు, అయిపోయిందని లేవకండి.

టికెట్ లేదు, పిల్లల్నీ తీసుకురండి. వచ్చేవాళ్లు శుక్రవారం లోపు ఇక్కడే పేరు పెట్టండి, టీలు చెప్పాలి. కావలి వాళ్లు తిరుగు రైలు టైం ముందే చూసుకోండి.