గోల్ఫ్ ఆడగలరా అని అడిగారు

సంపాదకుడు గారికి,

నమస్కారం. వైద్య పరిశోధనలను రోగుల చేత కూడా సమీక్ష చేయించాలన్న ఆలోచన మీద మీ పత్రికలో వార్త వచ్చి పది రోజులైంది. అప్పుడే రాద్దామనుకుంటే మా ఆవిడ "మీరు రాస్తే ఎవరు చదువుతారండీ" అంది. ఆ మాటా నిజమే. కానీ ఆ వార్తలో ఒక డాక్టరు గారు "రేపు ప్రయాణికుల చేత బస్సు ఇంజిన్ కూడా డిజైన్ చేయిస్తారా" అని ఎద్దేవా చేశారు చూడండి, ఆ ముక్క పది రోజులుగా గొంతులో చేపముల్లులా గుచ్చుకుంటోంది.

నేను 31 ఏళ్లు ఆర్టీసీలో కండక్టరుగా చేసి దిగినవాణ్ణి. కాబట్టి ప్రయాణికుల సంగతి నాకు వదిలేయమనండి. ఇంజిన్ వాళ్ల చేత చేయించక్కర్లేదు. కానీ మెట్టు ఎంత ఎత్తులో ఉండాలో మోకాళ్ల నొప్పుల ముసలమ్మను అడగకుండానే ఎవరో తేల్చేశారు. అందుకే జగదాంబ జంక్షన్‌లో, మద్దిలపాలెంలో రోజుకి ఎంతమందికి చెయ్యి అందించి పైకి లాగానో నాకే లెక్క తెలియదు. డిజైన్ చేసినాయన ఆ స్టాపులో ఒక్క పూట నిలబడి ఉంటే చాలు.

రోగుల సమీక్షలో అంత వింతేముంది? ఒక పరిశోధన అచ్చయ్యే ముందు ఆ సబ్జెక్టు తెలిసినవాళ్లు చదివి బాగోగులు చెప్పడం ఎప్పటినుంచో ఉన్నదే, పీర్ రివ్యూ అంటారు. బ్రిటన్‌లో బీఎంజే అనే పెద్ద వైద్య పత్రిక 2014లో ఆ చదివేవాళ్లలో రోగులను, వాళ్లను కనిపెట్టుకుని ఉండే ఇంటివాళ్లను కూడా చేర్చింది. వాళ్లను లెక్కలు సరిచూడమనరు, దానికి లెక్కలవాళ్లు వేరే ఉన్నారు. ఈ పరిశోధన మీలాంటివాళ్లకు పనికొస్తుందా, ఈ వైద్యం ఇంట్లో జరిగే పనేనా, ఎక్కడ ఇబ్బంది పడతారు, మీకు ముఖ్యమైనదాన్ని వీళ్లు కొలిచారా వదిలేశారా అని అడుగుతారు. మరుసటి ఏడాది 'రీసెర్చ్ ఇన్వాల్వ్‌మెంట్ అండ్ ఎంగేజ్‌మెంట్' అని ఏకంగా ఒక పత్రికే పుట్టింది. అందులో వ్యాసాలను ప్రొఫెసర్లూ చూస్తారు, రోగులూ చూస్తారు. అమెరికాలో 2010 ఆరోగ్య చట్టం కింద పెట్టిన పీకోరి సంస్థయితే పరిశోధనకు డబ్బులిచ్చే ముందే దరఖాస్తులు వడపోసేవాళ్లలో రోగులను కూర్చోబెడుతుంది. ఆకాశం ఏమీ విరిగి పడలేదు.

అవన్నీ తెల్లవాళ్ల ముచ్చట్లు, మనకెందుకు అంటారేమో. విశాఖలో కూర్చుని ఆ మాట అనకూడదు. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు నుంచి రిపోర్టుల సంచులు చంకన పెట్టుకుని జనం దిగేది మన ఆర్టీసీ కాంప్లెక్స్‌లోనే. ఆ ఊళ్లన్నీ ఉన్న శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతపు కిడ్నీ జబ్బు మీద రెండు దశాబ్దాలకు పైగా పరిశోధనలు జరుగుతున్నాయి. నీళ్లలో సిలికా అన్నారు, భారలోహాలు అన్నారు, పురుగుమందులు అన్నారు, ఎండలో నీళ్లు తాగకుండా పని చేయడం అన్నారు, నొప్పి మాత్రలు అన్నారు. కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. మా బావమరిదిది కవిటి పక్క ఊరు. ఆ ఊళ్లో రక్తం ఇచ్చారు, మూత్రం ఇచ్చారు, బావినీళ్లు సీసాల్లో పట్టి ఇచ్చారు. ఏం తేలిందో చెప్పడానికి మళ్లీ వచ్చిన మనిషి లేడు.

మా బావమరిదికీ ఆ కిడ్నీ జబ్బే, వాడి సంగతే చెబుతాను. అప్పటికి ఇంకా డయాలసిస్ మొదలవలేదు. నగరంలో ఒక ఆసుపత్రిలో ఏదో స్టడీ అన్నారు, పేరు రాయించుకున్నాం. చేతికి ఐదు లీటర్ల తెల్ల క్యాన్ ఇచ్చి, 24 గంటల మూత్రం అందులో పట్టి, చల్లగా ఉంచి, మర్నాడు పొద్దున్న తొమ్మిదింటికి తెచ్చి ఇమ్మన్నారు. ఊళ్లో వాడింట్లో ఫ్రిజ్ లేదు. అక్కణ్ణుంచి ఇక్కడికి బస్సులో ఐదు గంటలు. వాడు ఆ క్యాన్ ఎత్తి చూసి "ఏటి బావా, ఇది అట్టుకుని బస్సెక్కమంటారా?" అన్నాడు. ఒట్టేసి చెబుతున్నాను, డ్యూటీలో ఉంటే నేనే ఎక్కనిచ్చేవాణ్ణి కాదు. చివరికి వాడు మా ఇంటికొచ్చి రెండ్రోజులు ఉండి ఆ పని పూర్తిచేశాడు. విశాఖలో బావ లేనివాడి గతేమిటి? వాడు రాడు. వాడి పేరు పక్కన 'ఫాలోఅప్‌కు రాలేదు' అని రాసుకుంటారు. తప్పు రోగిదే అయిపోతుంది.

తర్వాత డయాలసిస్ మొదలైంది. మా ఇంట్లోనే ఉంటున్నాడు. అప్పుడు ఇంకో ఫారం పట్టుకుని ఒక కుర్రాడు వచ్చాడు, అదీ సూదులు పెట్టి మెషీన్ మీద పడుకోబెట్టాక. 'టేబుల్ జరపడం, వాక్యూమ్ క్లీనర్ తోయడం, గోల్ఫ్ ఆడటం వంటి ఓ మోస్తరు పనులకు మీ ఆరోగ్యం అడ్డొస్తోందా? ఎంతగా?' ఇదీ ప్రశ్న. నేను చదివి వినిపిస్తే మా వాడు నా మొహం, ఆ కుర్రాడి మొహం మార్చి మార్చి చూశాడు. పాతికేళ్లు కొబ్బరి చెట్లెక్కినవాడు, జీడిపిక్కల బస్తా ఒంటిచేత్తో లేపినవాడు. గోల్ఫ్ అంటే ఏమిటో నేను చెప్పాల్సివచ్చింది, ముడసర్లోవ దగ్గర ఆడతారు కదా అని. వాడు 'లేదు' అని రాయించాడు. అంటే ఆ కాగితం ప్రకారం మా బావమరిది గోల్ఫ్‌కు ఫిట్టు! తర్వాత తెలిసింది, చాలా దేశాల్లో వాడే పేరున్న ఇంగ్లిష్ ఫారంలోనే ఆ గోల్ఫ్ ఉందట. మన దగ్గర అచ్చువేసే ముందు ఒక్క ఉద్దానం మనిషికి చూపించి ఉంటే అర నిమిషంలో కొట్టేసేవాడు. దీనికి ఎంబీబీఎస్ కావాలా?

వాడు రోజూ చెప్పే బాధ మాత్రం ఆ ఫారంలో అడిగిన పద్ధతిలో ఎక్కడా ఇమడలేదు. డయాలసిస్ అయ్యాక ఒళ్లు తీసేసినట్టు నీరసం. ఆ రోజంతా మనిషి లేవడు, అన్నం ముందు పెట్టినా చెయ్యి రాదు. నీరసానిదేముందిలే అంటారు కదా. డయాలసిస్ పరిశోధనల్లో తప్పనిసరిగా వేటిని కొలవాలో తేల్చడానికి వేరే దేశాల్లో రోగులనూ డాక్టర్లనూ కలిపి అడిగితే నాలుగు తేలాయి: మరణం, గుండె జబ్బు, ఫిస్టులా లాంటి రక్తం తీసే దారి, నీరసం. ఆ నాలుగోదాన్ని పైకి తెచ్చింది రోగులే. డాక్టర్ల దృష్టి ఎక్కువగా రక్తపరీక్షల అంకెల మీదే ఉండేది.

చట్టంలో మనకూ చోటుంది. 2019 నాటి కొత్త మందుల ప్రయోగాల నిబంధనల ప్రకారం ప్రయోగాల్లో రోగులకు అన్యాయం జరగకుండా చూసే ప్రతి ఎథిక్స్ కమిటీలో కనీసం ఏడుగురుండాలి, అందులో ఒకరు వైద్యంతో సంబంధం లేని మామూలు మనిషి. ఆ మామూలు మనిషి ఎవరండీ? ఇన్నేళ్లలో మా వీధిలో, మా డిపోలో, మా చుట్టాల్లో ఒక్కరికీ ఆ పిలుపు రాలేదు. 2009లో ఖమ్మం జిల్లాలో గిరిజన ఆడపిల్లలకు గర్భాశయ ముఖ క్యాన్సర్ రాకుండా వేసే హెచ్‌పీవీ టీకాను ఒక పరిశోధనలో భాగంగా వేసినప్పుడు తల్లిదండ్రులకు బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టారని పార్లమెంటు స్థాయీ సంఘమే 2013లో తప్పుపట్టింది. మన తరఫున సంతకం పెట్టడానికి ఎవరో ఒకరు ఎప్పుడూ రెడీగా ఉంటారు.

ఆసుపత్రులనే ఎందుకనాలి? మా వీధిలో కాలువ పొంగుతోందని ఫోన్లో ఫిర్యాదు పెట్టాను. మూడో రోజు 'మీ సమస్య పరిష్కరించబడింది' అని మెసేజ్. ఆ మెసేజ్ చదివేటప్పుడు నేను ఆ నీళ్లలోనే నిలబడి ఉన్నాను. పరిష్కారం అయిందో లేదో ఫిర్యాదు పెట్టినవాణ్ణి అడగాలని ఎవరికీ తట్టదు. పూర్వం కనీసం మేస్త్రీ వచ్చి కాలువలోకి తొంగిచూసి, తిట్టించుకుని పోయేవాడు.

నాకున్న టెన్షన్ ఒక్కటే. రేపు నిజంగానే రోగులను తీసుకోమని పైనుంచి ఆర్డరు వచ్చినా, ప్రతి కమిటీలో ఉండే ఆ ఖద్దరు చొక్కా ఆయననే ఇందులోనూ వేస్తారు. ఆయనకు షుగరుంటుంది, రోగి కోటా సరిపోయింది అంటారు. అలా కాకుండా ఆసుపత్రి బెంచీ మీద కూర్చునేవాళ్లలోంచి పిలవండి. కాగితం తెలుగులో ఇవ్వండి, గ్రాంథికంలో కాదు. చదవలేనివాళ్లకు చదివి వినిపించండి. ఒక రోజు కూలీ, రానూపోనూ బస్సు ఛార్జీ ఇవ్వండి. డయాలసిస్ లేని రోజు చూసి పిలవండి.

ఇంకొకటి, మీ పత్రికకు కూడా చెప్పాలి. ఆ వార్త కింద నలుగురి అభిప్రాయాలు ఫోటోలతో సహా వేశారు. ముగ్గురు డాక్టర్లు, ఒక రిటైర్డ్ అధికారి. రోగుల గురించిన వార్తలో మీకూ ఒక్క రోగి దొరకలేదా?

ఈ లేఖ వేస్తే నా పేరు మాత్రం వేయకండి. మా బావమరిది మంగళవారం మళ్లీ అక్కడికే వెళ్లాలి.

ఇట్లు,
విశ్రాంత ఆర్టీసీ కండక్టరు,
కంచరపాలెం, విశాఖపట్నం