సన్మానాల సంగతి తర్వాత, ముందు బ్యాడ్మింటన్ హాలు ఎత్తు కొలవండి

సంపాదక మహాశయులకు,

2022 జనవరిలో కటక్‌లో సూపర్ 100 స్థాయి అంతర్జాతీయ బ్యాడ్మింటన్ టోర్నీ ఒడిశా ఓపెన్‌లో మహిళల సింగిల్స్ గెలిచేనాటికి ఉన్నతి హుడాకి 14 ఏళ్లు. ఆ అమ్మాయిది హర్యానాలోని రోహ్‌తక్. కటక్ మన ఒడిశాలోదే. గజపతి, రాయగడ, గంజాం జిల్లాల్లోని మన పిల్లలు ఆ వయసుకి ఎక్కడ ఆగిపోతున్నారో వేరే చెప్పక్కర్లేదు.

ప్రపంచ ర్యాంకింగ్‌కి గడిచిన 52 వారాల్లో బాగా ఆడిన 10 టోర్నీల పాయింట్లే లెక్క. సూపర్ 100 గెలిస్తే 5,500, అంతకన్నా కింది స్థాయి ఇంటర్నేషనల్ సిరీస్ టోర్నీ గెలిస్తే 2,500. వీసా, విమానం, హోటలు ఖర్చులు పెట్టుకుని బయటి దేశాల్లో రెండు సిరీస్‌లు గెలిచినా కటక్‌లో ఒక్క టైటిల్‌కి సాటిరావు. అంత విలువైన టోర్నీ మన గుమ్మంలోనే జరుగుతోంది. అందులో ఎంట్రీ దొరికే ర్యాంకుకి పునాది పడేది 11 నుంచి 15 ఏళ్ల మధ్య, ఊళ్లో ఉన్న హాల్లోనే.

ఆ హాలు చూస్తే చాలాచోట్ల రేకుల షెడ్డు, సిమెంటు గచ్చు. 13.40 మీటర్ల పొడవు, 6.10 మీటర్ల వెడల్పు గీతలు అందరూ సరిగ్గానే గీస్తారు. తప్పంతా పైన ఉంటుంది. అంతర్జాతీయ పోటీలకి కోర్టు మీద కనీసం 9 మీటర్లు ఖాళీ కావాలి, పెద్ద పోటీలకైతే 12. ఆరు మీటర్లకే దూలం అడ్డొస్తే పిల్లలు ఎత్తుగా లేపడం మానేసి షటిల్‌ని అడ్డంగా తోసేస్తుంటారు. అదే అలవాటైపోతుంది. తీరా పెద్ద హాలుకి వెళ్లాక, ఎదుటివాళ్లు పైకి లేపి వెనక గీత మీద దించుతుంటే ఎప్పుడు కొట్టాలో తెలీక తడబడతారు. నడినెత్తిన లైటు పెడితే తలెత్తగానే కళ్లు చెదురుతాయి. లైట్లు కోర్టు పక్కల పొడుగునా ఉండాలి. ఇక సున్నం కొట్టిన గోడ ముందు తెల్ల షటిల్ ఎలా కనబడుతుంది? ముదురాకుపచ్చ రంగు వెయ్యడానికి పెద్ద ఖర్చేం కాదు, ఎవరికీ తట్టదంతే. సిమెంటు మీద నేరుగా మ్యాట్ పరిస్తే కాలు జారడం తగ్గుతుంది గానీ మోకాలికి తగిలే అదురు తగ్గదు. కింద చెక్క పలకల నేల ఉండాల్సిందే.

షటిల్స్ సంగతి మరీ ఘోరం. నైలాన్ షటిల్‌తో నేర్చుకున్న చెయ్యి నెట్ దగ్గర 16 ఈకల షటిల్ తిరిగే తీరు పట్టుకోలేదు. ఈక షటిల్ ఖరీదే, కాదనను. కానీ ఆడే ముందు రోజు డబ్బా రెండు మూతలూ తీసి కాసింత ఆవిరి పట్టించి మూసిపెడితే ఈకలు పుటుక్కున విరగవు. షటిల్ వేగం సరిగ్గా ఉందో లేదో చూడాలంటే, వెనక గీత దగ్గర నిలబడి కింది నుంచి నిండుగా కొడితే అవతలి వెనక గీతకి 53 నుంచి 99 సెంటీమీటర్ల ఇవతల పడాలి. మన ఎండల్లో 77 వేగం నంబరు షటిల్ ఆ గీత దాటిపోతుంటే, దానికన్నా నెమ్మదిగా వెళ్లే 76 తెప్పించాలి.

ఇంకో చిక్కు సరిహద్దు వల్ల వస్తోంది. పర్లాకిమిడి పిల్లలకి బంధువులంతా ఆంధ్రలోని పాతపట్నం వైపే ఉంటారు. ఏ రాష్ట్రం తరఫున ఆడాలో అండర్-13లోనే తేల్చుకుని పేరు నమోదు చేయించడం మేలు. తర్వాత మారాలంటే పాత సంఘం నుంచి అభ్యంతరం లేదన్న పత్రం కావాలి, దాని కోసం తిరగడంలో సీజన్ గడిచిపోతుంది.

అధికారులని అడిగేవి రెండే. ఇండోర్ హాలు నిర్వహణ నిధుల్లో కరెంటు బిల్లుతో పాటు ఈక షటిల్స్‌కీ పద్దు ఉండాలి. కొత్తగా కట్టే హాలుకి కాంట్రాక్టరు బిల్లు చెల్లించే ముందు ఇంజనీరుతో పాటు ఒక కోచ్ కూడా దూలం ఎత్తు టేపుతో కొలిచి సంతకం పెట్టాలి.

— ఒక పాఠకుడు, పర్లాకిమిడి, గజపతి జిల్లా