యానాం తెలుగు మాటలను నమోదు చేయించండి: లెఫ్టినెంట్ గవర్నర్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన పుదుచ్చేరి లెఫ్టినెంట్ గవర్నర్ గారికి,

నమస్కారం. యానాం తెలుగువాడిగా మీ హోదాలోని మొదటి మాటతోనే నా విన్నపం మొదలుపెడుతున్నాను. ‘లెఫ్టినెంట్’ ఫ్రెంచివారి మాట. ‘ల్యూ’ అంటే చోటు, ‘తెనాఁ’ అంటే పట్టి ఉన్నవాడు. పై అధికారి లేనప్పుడు ఆయన స్థానంలో నిలిచేవాడని అర్థం. మనవైపు ‘నాయబ్’ అన్నా దాదాపు అదే. సైన్యంలో అది కెప్టెన్ కింది అధికారికి పేరయింది. యూరప్ సేనలు ఫ్రెంచి పద్ధతులు నేర్చుకున్న కాలంలో హోదాల పేర్లూ వెంట వెళ్లాయి. రష్యాలో అది లెయితెనాంత్, ఫిన్లాండులో లూత్నాంత్తి. డచ్చివారి నుంచి ఇండొనేషియాకు చేరి లెత్నాన్ అయింది.

ఫ్రెంచిలో ఈ మాటకు ‘ఫ’ లేనే లేదు. ఆ ధ్వని బ్రిటిషువారి నోట చేరింది. ఎందుకు చేరిందో పండితులు ఇప్పటికీ తేల్చలేదు. అమెరికన్లు ‘ఫ’ లేకుండా లూటెనెంట్ అంటారు. మనం మాత్రం బ్రిటిషు ‘ఫ’నే పలుకుతున్నాం.

ఫ్రెంచివారు 1723లో యానాం వచ్చారు. మధ్యలో కొన్నిసార్లు ఊరు ఇంగ్లీషువారి చేతికి పోయినా, 1954 జూన్ దాకా ఇక్కడ ఫ్రెంచి పాలనే సాగింది. అలాంటి ఊరికి ఈ ఫ్రెంచి మాట ఫ్రెంచివారి నుంచి రాలేదు! బ్రిటిషు ఇండియాలో, 1854లో బెంగాల్‌కు ఏర్పాటైన పదవి పేరు అది. 1963లో పుదుచ్చేరికీ ఆ పదవి వచ్చింది. రాష్ట్రపతి తరఫున పాలించే మీకు ఆ పాత అర్థం ఇప్పటికీ చక్కగా సరిపోతుంది.

దేశాలన్నీ తిరిగిన ఈ మాట చరిత్ర నిఘంటువుల్లో దొరుకుతుంది. యానాంలో నేరుగా ఫ్రెంచి నుంచి తెలుగులో కలిసిన మాటల సంగతి వేరు. కచేరీల్లో, బడుల్లో, దస్తావేజుల్లో అవి ఎలా నలిగాయో చెప్పగలిగినవారు ఫ్రెంచి బడిలో చదివిన వృద్ధులే. వారిలో చాలామంది ఎనభైకి అటూ ఇటుగా ఉన్నారు.

అందుకే అడుగుతున్నాను. తెలుగు, ఫ్రెంచి రెండూ వచ్చిన భాషావేత్తలను యానాం పంపించండి. వృద్ధుల మాటలను వారి గొంతులోనే రికార్డు చేయించండి. ఫ్రెంచి కాలపు జనన, వివాహ దస్త్రాలను కూడా పరిశీలింపజేసి, దొరికిన పదాలతో ఒక చిన్న తెలుగు నిఘంటువు వేయించండి. ఈ పని వచ్చే ఏడాదికి వాయిదా వేయవద్దని ప్రత్యేకంగా కోరుతున్నాను.

ఇట్లు,
యానాం పౌరుడు