పిక్క, నీరు, వలస: సభ్యులకు ఈ ఏటి నివేదిక

గౌరవ సభ్యులకు నమస్కారం.

మన సంఘం సర్వసభ్య సమావేశానికి పలాస రాలేకపోయినవాళ్లే మనలో ఎక్కువ. విశాఖ, హైదరాబాద్, చెన్నై, సింగపూర్, గల్ఫ్... శ్రీకాకుళం జిల్లా ఉద్దానం మనిషి లేని చోటు చెప్పడం కష్టం. అందుకని అక్కడ అనుకున్నవి కాస్త వివరంగానే రాస్తున్నాం.

ముందు జీడి సంగతి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను కూల్చేసిన తోటల్లో తిరిగి నాటిన మొక్కలు కాపుకొచ్చాయి. కాపు వచ్చింది గానీ రేటు రైతు చేతిలో లేదు. మన దగ్గర పిక్కల (పెంకుతో ఉన్న జీడిగింజల) బేరం 80 కిలోల బస్తా లెక్కన సాగుతుంది. బస్తాకు 16 వేల రూపాయలు ఇప్పించాలని రైతు సంఘాలు 2023లోనే రోడ్డెక్కాయి. పలాస, కాశీబుగ్గ ఫ్యాక్టరీలకు ఇక్కడి పంట ఏడాదంతా చాలదు, ఆఫ్రికా దేశాల పిక్క దిగుతుంది. 2018 బడ్జెట్‌లో ఆ ముడి పిక్కపై దిగుమతి సుంకాన్ని 5 నుంచి 2.5 శాతానికి తగ్గించారు. దిగుమతే ఆపించాలని కొందరు సభ్యులు తీర్మానం పెట్టారు. కార్యవర్గం ఒప్పుకోలేదు. పిక్క లేకపోతే ఫ్యాక్టరీ మూతపడుతుంది, కటింగుకీ పీలింగుకీ వెళ్లే మన ఆడవాళ్ల కూలి పోతుంది. తోట ఉన్నదీ, కూలికి వెళ్లేదీ చాలాసార్లు ఒకే ఇల్లు.

అందుకే మన చేతిలో ఉన్న పని చేశాం. పిక్క రాలగానే అమ్మేయకుండా రెండు మూడు ఎండలు బాగా తగలనిచ్చి, కొన్ని ఊళ్ల సరుకు ఒకచోట చేర్చి, నాలుగు పిక్కలు కోసి పప్పు చూపించి బేరమాడాం. తేమ పేరు చెప్పి తూకంలో కోసే కోత అక్కడ ఆగింది. అయితే చేరిన రైతులు తక్కువ. కారణం అందరికీ తెలిసిందే: పూత దశలోనే వ్యాపారి దగ్గర అడ్వాన్సు తీసుకున్నవాడికి పంట ఎక్కడ అమ్మాలో ఎంచుకునే వీలుండదు. వచ్చే ఏడు పూతకు ముందే చిన్న అప్పులు ఇచ్చే నిధి పెట్టాలన్నది మా ప్రతిపాదన. ముసలి తోటలు మార్చాలనుకునేవాళ్లకు బాపట్ల పరిశోధన కేంద్రం రకం బీపీపీ-8 అంటు మొక్కల గురించి చెప్పాం.

గల్ఫ్ ఉద్యోగాల మీద పెట్టిన సమావేశాలకు అనుకున్నదానికంటే ఎక్కువమంది వచ్చారు. వెల్డరు, ఫిట్టరు, రిగ్గరు పనులకు మన కుర్రాళ్లకు మంచి పేరుంది, దాన్ని అమ్ముకునే ఏజెంట్లూ ఉన్నారు. రిజిస్టరైన ఏజెంటు తీసుకోగల సేవా రుసుము గరిష్ఠంగా 30 వేలు, దానిపై జీఎస్టీ. అంతే. లక్షలు అడిగితే అక్కడే లేచి వచ్చేయమన్నాం. ఏజెంటు పేరు కేంద్ర ప్రభుత్వ పోర్టల్ ఈ-మైగ్రేట్‌లో ఉందో లేదో చూసుకోవాలి. పది పాసవ్వనివాళ్ల పాస్‌పోర్టు ఈసీఆర్ (వలస అనుమతి అవసరమైన) కోవలోకి వస్తుంది. వాళ్లు గల్ఫ్‌కు ఉద్యోగానికి వెళ్లాలంటే వలస అనుమతి, 10 లక్షల ప్రవాసీ బీమా తప్పనిసరి. రెండేళ్లకు ప్రీమియం 275 రూపాయలు. విజిట్ వీసా మీద పంపి ‘అక్కడికెళ్లాక మార్చుకో’ అనేవాడి మాట మాత్రం నమ్మొద్దు.

మూలపేట పోర్టుకు 2023 ఏప్రిల్‌లో శంకుస్థాపన జరిగింది. స్థానికులకే ఉద్యోగాలివ్వాలని వినతిపత్రం రాయమని ఒత్తిడి వచ్చింది. రాశాం. దాంతోపాటు క్రేన్, ఫోర్క్‌లిఫ్ట్ ఆపరేటర్ల శిక్షణ టెక్కలి దగ్గర్లోనే పెట్టాలని కూడా అడిగాం. శిక్షణ లేకపోతే మనకు దక్కేది కాపలా పనే. టెక్కలి నీలి గ్రానైటు చూడండి, చాలావరకు బ్లాకులుగానే వెళ్లిపోతోంది, దాని మెరుగు కూలి వేరే ఊరివాడికి పోతోంది.

సోంపేట బీలలో (చిత్తడి నేలల్లో) థర్మల్ కేంద్రం వద్దన్నందుకు 2010 జూలై 14న పోలీసు కాల్పుల్లో ఇద్దరు పోయారు. ఉపాధి కోరే సంఘం బీల గురించి ఎందుకు మాట్లాడుతోందని ఒక సభ్యుడు అడిగారు. ఆ నీటి మీద వరి పండుతోంది, చేపలు పడుతున్నారు. అదీ ఉపాధే.

ఉద్దానాన్ని పీడిస్తున్న కిడ్నీ జబ్బు ఇంట్లో దూరితే పోయేది రెండు కూలీలు, రోగిది ఒకటి, డయాలసిస్‌కు తోడు వెళ్లేవాళ్లది ఒకటి. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, పరిశోధన కేంద్రం మొదలయ్యాయి. హిరమండలం నుంచి వంశధార నీళ్లు తాగడానికి పైపుల్లో తెచ్చే పథకమూ అప్పటిదే. ఏ వీధి కుళాయికి నీళ్లు అందడం లేదో ఊరి బాధ్యులు రాసి ఇస్తున్నారు, ఆ జాబితాను అధికారులకు చేరుస్తున్నాం.

ఆడిట్ అయిన జమాఖర్చులు ఈ నివేదికతో జతచేశాం. అప్పుల నిధి మీద మీ అభిప్రాయం, ముఖ్యంగా వడ్డీ ఉండాలా వద్దా అన్నది, జీడి పూత మొదలయ్యేలోగా రాసి పంపండి.

ఇట్లు,
కార్యదర్శి