కషాయం గాడికి ఉత్తరం

రాజమండ్రి
ఆదివారం మధ్యాహ్నం

ఒరేయ్ కషాయం,

ఈ పేరుతో నిన్ను పిలిచి ఎన్నాళ్లయిందో! 1984లో కాకినాడ హాస్టల్లో నీకు ఆ పేరు పెట్టిన పాపం నాదే. అందరం బండి దగ్గర చిక్కటి పాల టీ కోసం ఎగబడుతుంటే నువ్వొక్కడివి పక్కన నిలబడి, "నాకు పాలొద్దు బాబాయ్, వట్టి డికాషన్ పొయ్యి" అని గ్లాసు చాపేవాడివి. పైగా "పాలు పోస్తే టీ చచ్చిపోతుందిరా" అని మాకు పాఠం. నీ జేబులో డబ్బుల్లేక ఈ వేదాంతం చెబుతున్నావని మేం నవ్వేవాళ్లం. ఇవాళ ఆ సంగతి మీదే రాస్తున్నాను. ఫోన్లో చెప్పొచ్చు గానీ, సగంలోనే "చూశావా, నేను చెప్పలా" అని అందుకుంటావు. నన్ను సాంతం చెప్పనివ్వవు.

రెండు నెలల కిందట పరీక్షలు చేయిస్తే షుగర్ గట్టు మీద కూర్చునుంది. డాక్టరుగారు "రోజుకి ఎన్ని టీలండీ?" అంటే నేను "మూడు" అన్నాను. పక్కనే ఉన్న మీ చెల్లెలు "ఆరు" అంది. కప్పుకి రెండు చెంచాల పంచదార, నువ్వే లెక్కేసుకో. ఈ కబురు బెంగుళూరులో అమ్మాయికి చేరడం, అది వారం తిరక్కుండా ఒక అట్టపెట్టె పంపడం జరిగిపోయాయి. అందులో పన్నెండు చిన్న పొట్లాలు, రకానికొకటి. పాలూ పంచదారా లేకుండా తాగాలని షరతు. మా అమ్మ ఆ పెట్టె చూసి "ఆయుర్వేదం మందులా?" అంది.

మొదట గ్రీన్ టీ. మన పద్ధతి మనది కదా, గిన్నెలో నీళ్లు పోసి, ఆకు పడేసి, కుతకుతా అయిదు నిమిషాలు మరిగించాను. ఒక్క గుక్క తాగి సింకులో పారబోశాను. వేపాకు రసమే నయం. అమ్మాయి ఫోన్లో నవ్వి నవ్వి, "నాన్నా, దాన్ని మరిగించకూడదు. నీళ్లు కాగాక దించి కాసేపు ఆగి, ఎనభై డిగ్రీలకి వచ్చాక ఆకు వెయ్యి, రెండు నిమిషాల్లో వడకట్టేయ్" అంది. థర్మామీటరు ఎక్కడ తెస్తాను? స్టవ్ కట్టేసి, మూత తీసి, పేపర్లో చావు కబుర్ల పేజీ చదివేసరికి సరిపోతోంది. అలా చేస్తే మాత్రం చేదు పోయింది. లేత చిక్కుడు తీగ తుంచినప్పటి పసరు వాసన, చివర్లో నాలిక మీద ఉసిరికాయ తిని నీళ్లు తాగితే వచ్చే లాంటి తీపి. పంచదార లేకుండా టీలో తీపి ఉంటుందని నాకు ఈ వయసులో తెలిసింది.

ఇంకో సంగతి. పచ్చ టీ, నల్ల టీ వేరు వేరు చెట్లనుకున్నాను ఇన్నాళ్లూ. ఒకటేనట. కోసిన ఆకుని వెంటనే వేడి చేస్తే పచ్చగా ఉండిపోతుంది. నలిపి గాలికి వదిలేస్తే నల్లబడుతుంది. అరటికాయ ముక్కలు కోసి నీళ్లలో వెయ్యడం మర్చిపోతే ఏమవుతుందో, అదే. మనం కొట్లో కొనే గుండు పొడి ఉందే, అది 1930ల్లో అస్సాంలో వచ్చిన యంత్రం పని. ఆకుని నలిపి, చీల్చి, చుట్టి గుండులా చేస్తుంది. చిటికెలో చిక్కటి డికాషన్ దిగుతుంది కాబట్టి ఎన్ని పాలు పోసినా తట్టుకుంటుంది. అంటే మన బండి టీలో పాలు పోయకపోతే గొంతు పట్టుకుంటుంది కదా! నువ్వు దాన్ని మూడేళ్లు ఎలా తాగావురా? దండం నీకు.

రెండో రోజు ఎర్ల్ గ్రే. ఎప్పుడో 1830ల్లో బ్రిటన్ ప్రధానిగా చేసిన దొర పేరట. పొట్లం విప్పగానే మీ చెల్లెలు "ఇదేమిటి, మంగలి షాపులా ఉంది!" అంది. ఆవిడ తప్పేం లేదు. అందులో కలిపేది బెర్గమాట్ అనే పండు తొక్క నూనె, దాన్నే సెంట్లలోనూ వాడతారు. ఇటలీ దక్షిణాన కలాబ్రియాలో పండిస్తారట. నా ముక్కుకి మాత్రం దబ్బకాయ తొక్క గిల్లినట్టుంది. మూడో రోజుకి అలవాటు పడ్డాను. మీ చెల్లెలు పడలేదు.

ఇక అసలు గొడవ. ఒక పొట్లం మీద ఎర్ర మందారం బొమ్మ, 'హైబిస్కస్ టీ' అని పేరు. నీళ్లు పోయగానే రక్తంలా దిగింది. ఆ రోజు ఇంటికి మా బావమరిది వచ్చాడు. మీ చెల్లెలు అలవాటు చొప్పున అతని కప్పులో పాలు పోసేసింది. కళ్ల ముందే విరిగి, గులాబీ రంగు ముక్కలు తేలాయి. వాడు పెద్దమనిషి కాబట్టి "ఇది ఎలా తినాలి అక్కా, చెంచా ఉందా?" అన్నాడు. మేం నవ్వుకుంటుంటే మా అమ్మ వడపోసిన చిల్లుల గిన్నెలో మిగిలిన ఎర్ర రేకు ఒకటి తీసి నోట్లో వేసుకుంది. ఎనభై మూడేళ్లు ఆవిడకి, కళ్లు సరిగా ఆనవు. రెండుసార్లు నమిలి, "ఇది మందారం ఎలా అవుతుందిరా? గోంగూర కాయ మీద రేకు. మా నాన్న చేలో ఎన్ని వలిచాను!" అంది. నేను నమ్మలేదు. పొట్లం వెనక ఫొటో తీసి అమ్మాయికి పంపి, ఆ సన్నక్షరాలు ఫోన్లో చదివించుకున్నాను. హైబిస్కస్ సబ్డారిఫా. అక్షరాలా మన గోంగూరే! ఆకు మనం పచ్చడి చేసుకుంటాం, కాయ చుట్టూ ఉండే ఎర్ర రేకులు ఎండబెట్టి వీళ్లు టీ అని అమ్ముతున్నారు. పులుపుకి పాలు విరక్కుండా ఎలా ఉంటాయి చెప్పు? టీ ఆకు పొడి అందులో పిసరంత కూడా లేదు. అయితే చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టి, ఎండలో తిరిగొచ్చాక తాగితే బ్రహ్మాండంగా ఉంది. అమ్మ మాత్రం "కాస్త ఉప్పూ, ఎండుమిరపకాయా పడితే బాగుండేది" అంది.

మల్లె టీ కథ వేరు. అది తాగాక నాకు పిచ్చి పట్టింది. చైనాలో మొగ్గలు పగలు కోసి, రాత్రి అవి విచ్చుకునే వేళకి టీ ఆకుతో కలిపి పరుస్తారట. ఆకు వాసన పీల్చుకుంటుంది. పొద్దున్న పూలు తీసేసి, మర్నాడు మళ్లీ కొత్త పూలు. ఇంతే కదా, కడియం పూల మార్కెట్ మనకి కూతవేటు దూరం కదా అనుకుని అరకేజీ మొగ్గలు తెచ్చాను. మీ చెల్లెలు పూలు తనకే అనుకుంది. నిజం చెప్పగానే మొహం మాడ్చుకుంది. స్టీలు డబ్బాలో ఆకు ఒక వరస, మొగ్గలు ఒక వరస వేసి బిగించాను. మొదటి పొద్దున్న మూత తీస్తే ఆహా! ఆ ఉషారులో ఇంకో రాత్రి కూడా అలాగే ఉంచాను. రెండో పొద్దున్న జడలో వాడిపోయి మర్నాటిదాకా ఉండిపోయిన దండ వాసన. ఆకు తడితడిగా మెత్తబడిపోయింది. పూల చెమ్మంతా ఆకే తాగుతుందనీ, ప్రతిసారీ ఆరబెట్టాలనీ తర్వాత తెలిసింది. డబ్బా వాసన ఇంకా వదల్లేదు. అరకేజీ మల్లెపూల బాకీ కూడా అలాగే ఉంది.

మిగతావి పెద్దగా చెప్పుకునేవి కావు. శంఖపుష్పం టీ నీలం సిరాలా ఉంటుంది, నిమ్మరసం పిండితే వంకాయ రంగుకి తిరుగుతుంది, పక్కింటి పిల్లలు మూడుసార్లు చేయించుకుని చూశారు. రుచి చిక్కుళ్లు ఉడికించిన నీళ్లు. ఆ తీగ మా ప్రహరీ మీదే పాకింది, శివుడికి పెట్టుకుంటాం. స్ట్రాబెర్రీది దగ్గు మందు. చాక్లెట్‌ది పనిమనిషి కూడా వద్దంది. జపాన్‌ది ఒకటి, వేయించిన బియ్యం కలిపింది, పేలాల వాసనతో బాగుంది.

చివరిది లాప్సాంగ్ సూచాంగ్. చైనాలో వూయీ కొండల్లో పైన్ కట్టెల పొగ మీద ఆరబెడతారట. పొట్లం విప్పగానే నేను వెనక్కి జరిగాను. అమ్మ జరగలేదు. కాఫీ తప్ప ఇంకోటి ముట్టని మనిషి, కప్పు ముక్కు దగ్గర పెట్టుకుని "దాలి" అంది. మా అమ్మమ్మగారింట్లో పిడకల దాలిలో పొద్దున్న పాలకుండ పెడితే సాయంత్రానికి ఎర్రగా కాగి, మీద అట్టులా మీగడ కట్టేది. నువ్వూ ఒక సంక్రాంతికి వచ్చి గ్లాసుడు తాగావు. సరిగ్గా ఆ పొగ వాసన.

ఒప్పుకుంటున్నానురా. పాలు పోస్తే వీటిలో సగం చచ్చిపోతాయి. నలభయ్యేళ్లు నేను తాగింది అల్లం, పంచదార, పాలు. టీ ఎలా ఉంటుందో నాకు తెలీదు. పొద్దున్నే ఒక్క పాల టీ మాత్రం వదల్లేదనుకో, అదీ చప్పగానే.

కానీ ఒక మెలిక ఉంది. ఆ పొగ టీ సగం తాగాక అమ్మ "దీన్లో ఇన్ని వేడి పాలు పొయ్యరా" అంది. వద్దంటే వినలేదు. పోశాను. ఆవిడ తాగి, ఏమీ అనకుండా కప్పు నాకు ఇచ్చింది. ఒరేయ్, దాలి పాలేరా అవి!

మా బావమరిది గురువారం విశాఖ వస్తున్నాడు. సగం పొట్లం కట్టి పంపుతున్నాను. కప్పుకి చెంచాడు చాలు, మూడు నిమిషాలు. ఒక కప్పు నీ పద్ధతిలో వట్టిది తాగు, రెండోది మా అమ్మ పద్ధతిలో. తాగి, కాగితం మీద రాసి పంపు. ఫోన్ చెయ్యకు, అరుస్తావు.

నీ
సత్తి